తప్పు ఒప్పుకునేవాళ్లతో పెద్ద చిక్కే

సమాజానికి ఈమధ్య ఒక రకం మనుషుల బెడద ఎక్కువైంది. వాళ్లు దొంగలు కారు, మోసగాళ్లు కారు, చూడ్డానికి పెద్దమనుషుల్లాగే ఉంటారు. మీటింగుకు అరగంట ఆలస్యంగా వస్తారు. "ఏమైందండీ?" అని అడిగితే "ఏమీ కాలేదు, ఇంటి దగ్గరే ఆలస్యంగా బయల్దేరాను" అంటారు. అంతే. ఇంకో ముక్క చెప్పరు. కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

ఆ తర్వాత గదిలో ఏం జరుగుతుందో చూడాలి. ఎవరికీ నోట మాట రాదు. అదే ట్రాఫిక్ అని ఉంటే అందరూ తలలూపేవారు, తలా ఒక ట్రాఫిక్ కథ చెప్పుకునేవారు, ఐదు నిమిషాల్లో మనుషుల మధ్య కాస్త ఆప్యాయత కూడా పెరిగేది. ట్రాఫిక్, మోగని అలారం, చార్జింగ్ అయిపోయిన ఫోన్, సరిగ్గా బయల్దేరేటప్పుడే వచ్చిన చుట్టాలు... ఇవన్నీ మానవజాతి ఉమ్మడి ఆస్తి. ఎవరు వాడుకున్నా ఎవరూ నిలదీయరు, రేపు మనకూ అవసరం పడుతుంది కాబట్టి. ఈ పెద్దమనిషి ఆ ఆస్తిని ముట్టుకోకుండా మనందరి పరువూ తీశాడు. పోయిన వారం ఇదే గదిలో ట్రాఫిక్‌ను నమ్ముకున్నాయన ఇప్పుడు భుజాలు తడుముకుంటున్నాడు.

అందుచేత సాకు తరఫున నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. నిప్పుకు, చక్రానికి దక్కిన గౌరవం దీనికి ఇంతవరకూ దక్కలేదు. నిప్పు రాజేసిన మొదటి మనిషి ఆ రోజే ఎవరి గుడిసో తగలబెట్టి ఉంటాడు. సాకు కూడా ఆ సాయంత్రమే పుట్టి ఉంటుంది. రెండూ కవల పిల్లలు, కానీ చరిత్ర పుస్తకాలు ఒకదాన్నే గుర్తుపెట్టుకున్నాయి.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. సాకులు చెప్పేవాడికి మనస్సాక్షి లేదని తిడుతుంటారు. ఇది ఘోరమైన అన్యాయం. మనస్సాక్షి లేనివాడికి సాకుతో పనేమిటి? పులి జింకను చంపాక ప్రెస్ నోట్ విడుదల చెయ్యదు. చేసింది తప్పని లోపల ఎక్కడో తెలిసినవాడే కారణం వెతుక్కుంటాడు. ఎంత గట్టిగా తెలిస్తే అంత పొడుగు కారణం. ఎవరైనా ఆపకుండా పావుగంట సంజాయిషీ చెబుతున్నారంటే, వాళ్ల అంతరాత్మ పూర్తి ఆరోగ్యంగా ఉందని అర్థం చేసుకుని, మధ్యలో అడ్డుపడకుండా వినాలి.

పైగా ఆ కారణం బాగుండాలన్న నియమం కూడా ఏమీ లేదు. మనస్తత్వవేత్త ఎలెన్ లాంగర్, ఆమె సహచరులు 1978లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాపీలు తీసే మిషన్ దగ్గర నిలబడ్డవాళ్ల దగ్గరికి వెళ్లి "నావి 5 పేజీలు, ముందు నేను తీసుకోవచ్చా?" అని అడిగితే 60 శాతం మంది జరిగి చోటిచ్చారు. "తొందరలో ఉన్నాను" అని కలిపితే 94 శాతం ఇచ్చారు. ఇది సహజమే. మూడో రకంలో మాత్రం "కాపీలు తీసుకోవాలి కాబట్టి ముందు నేను తీసుకోవచ్చా?" అన్నారు. కాపీల మిషన్ దగ్గరికి కాపీల కోసం కాక మరెందుకు వస్తారు? అయినా 93 శాతం మంది "అలాగే, తీసుకోండి" అన్నారు. కారణం అక్కర్లేదు, 'కాబట్టి' ఉంటే చాలు. పేజీలు 20 అయితే మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. ఉత్తుత్తి కారణానికి 24 శాతమే లొంగారు, ఏ కారణమూ చెప్పనప్పుడూ అంతే.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాణ్ణి మనవాళ్లు తరతరాలుగా ఎగతాళి చేస్తున్నారు. వాడి జవాబులో లోపం లేదు. కాస్త పొట్టి చెట్టు ఎక్కి ఉంటే 93 శాతం మంది దగ్గర చెల్లేది.

ఇంతకీ ఆ దూడగడ్డి మాట నోటికి ఎక్కణ్ణుంచి వస్తుంది? దీని వెనక ఒక వింత కథ ఉంది. ఒకప్పుడు మూర్ఛ వ్యాధి ఎంతకీ లొంగని కొందరికి, మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను ఆపరేషన్ చేసి కోసేసేవారు. దాంతో ఒక సగానికి తెలిసింది రెండో సగానికి తెలిసేది కాదు. మాట్లాడేది సాధారణంగా ఎడమ సగం. కుడి చెయ్యి ఎడమ సగం మాట వింటుంది, ఎడమ చెయ్యి కుడి సగం మాట వింటుంది. 1970లలో మెదడు శాస్త్రవేత్తలు మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూ అలాంటి ఒక రోగికి రెండు బొమ్మలు చూపించారు. ఎడమ సగానికి కోడి కాలు, కుడి సగానికి మంచు కప్పిన ఇల్లు. ఎదురుగా ఉన్న బొమ్మల్లోంచి సరిపోయేవి ఎంచమంటే కుడి చెయ్యి కోడిని చూపించింది, ఎడమ చెయ్యి మంచు ఎత్తిపోసే పారను చూపించింది. రెండూ సరైనవే. అయితే మాట్లాడే సగానికి మంచు సంగతే తెలియదు. పార ఎందుకయ్యా అని అడిగారు. "తెలియదు" అనాలి కదా? అనలేదు. ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "కోళ్ల షెడ్డు శుభ్రం చెయ్యడానికి పార కావాలిగా" అన్నాడు.

ఆయన అబద్ధం ఆడలేదు. తను చెప్పింది నమ్మే చెప్పాడు. మనం చేసే ప్రతి పనికీ అప్పటికప్పుడు కథ అల్లే ఈ ఏర్పాటుకు గజానిగా 'వ్యాఖ్యాత' అని పేరు పెట్టాడు. పిల్లాణ్ణి కొట్టి క్రమశిక్షణ అంటాం. అప్పు ఎగ్గొట్టి వాడికేం తక్కువ అంటాం. కోపంతో తిట్టి, ముక్కుసూటి మనిషినంటాం. ఆ పార మనందరి చేతుల్లోనూ ఉంది. మనకు ఆపరేషన్ జరగలేదు, అంతే తేడా.

డబ్బు కలిస్తే వ్యవహారం ఇంకా ముచ్చటగా ఉంటుంది. మనస్తత్వవేత్తలు లియాన్ ఫెస్టింజర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ 1959లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత గంటసేపు పరమ విసుగు పుట్టించే పని చేయించారు. ట్రేలో దారపు కండెలు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం, ఆ తర్వాత పలక మీది మేకుల్ని ఒక్కొక్కటిగా పావు వంతు తిప్పడం. అయ్యాక, బయట కూర్చున్న మనిషితో "భలే సరదాగా ఉంది" అని చెప్పమన్నారు. అలా చెప్పినందుకు కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. చివర్లో, నిజంగా ఎలా ఉందని వాళ్లనే అడిగారు. 20 డాలర్లవాళ్లు విసుగని ఒప్పేసుకున్నారు. అబద్ధం ఎందుకాడారో వాళ్లకు తెలుసు, కారణం జేబులోనే ఉంది. 1 డాలరు వాళ్లు మాత్రం నిజంగానే బాగుందన్నారు. ఒక్క డాలరు కోసం అబద్ధం ఆడే మనిషినా నేను? కాదు కదా. అయితే ఆ పని బాగుండే ఉంటుంది!

ఈ సూత్రం కనిపెట్టడానికి ప్రయోగశాల దాకా వెళ్లడం దండగ. యాజమాన్యాలకు ఎప్పట్నుంచో తెలుసు. జీతాలు బొటాబొటిగా ఉన్న చోటే "ఈ పనిలో ఉన్న తృప్తి వేరండీ" అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. తప్పుల విషయంలోనూ ఇదే లెక్క. కోట్లు మింగినవాడికి తను మింగాడని తెలుసు, అందుకే లాయర్లను పెట్టుకుంటాడు. ఆఫీసు కాగితాలు, పెన్నులు ఇంటికి తెచ్చుకునేవాడు మాత్రం తనంత నిజాయతీపరుడు లేడని పిల్లలకు పాఠం చెబుతాడు. చెప్పేటప్పుడు ఆ పెన్నే చేతిలో ఉంటుంది.

ఇక ఈ కళ పండే చోటు స్నేహం. కాస్త దగ్గరగా చూద్దాం. పాత మిత్రుడి దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది. "ఎలా ఉన్నావ్ రా? ఒక చిన్న సాయం కావాలి, వీలు చూసుకుని ఫోన్ చెయ్యి." అందుకున్నవాడు చెడ్డవాడేం కాదు. రాత్రికి చేద్దాంలే అనుకుంటాడు. రాత్రికి మర్చిపోతాడు. మర్నాడు గుర్తొస్తుంది కానీ చేతిలో పనుంటుంది. ఇక్కడిదాకా పెద్ద నేరమేమీ జరగలేదు, "మర్చిపోయాన్రా" అంటే సరిపోతుంది. నాలుగో రోజుకు ఆ మాట చాలదు. ఆలస్యం ఎంత పెరిగితే కారణమూ అంత పెరగాలి. మూడు నాలుగు రోజులకు ఆఫీసులో టెన్షన్ చాలు. వారం దాటితే ఒంట్లో బాగాలేకపోవాలి. రెండు వారాలంటే ఇంట్లో ఇంకెవరికో బాగాలేకపోవాలి. నెల దాటాక ఎవరో ఒకరు పోతే తప్ప మర్యాద దక్కదు.

ఒక అర్ధరాత్రి ఫోన్ తీస్తాడు. "సారీ రా, ఇప్పుడే చూశాను" అని కొడతాడు. ఎప్పుడు చూశాడో అవతలివాడికి నీలం టిక్కులు ఎప్పుడో చెప్పేశాయి. చెరిపేస్తాడు. "ఫోన్ పాడైంది రా" అని కొడతాడు. ఈమధ్యే తను పెట్టిన ఫొటోలకు లైకు కొట్టినవాళ్లలో ఆ మిత్రుడి పేరే మొదట ఉంది. చెరిపేస్తాడు. ఇంతలో 'టైప్ చేస్తున్నారు' అని వాడికి కనబడుతోందేమోనన్న అనుమానం వస్తుంది. చటుక్కున ఫోన్ బోర్లా పడేస్తాడు.

అసలు అద్భుతం జరిగేది అప్పుడే. "అయినా వీడేంటి, ఆ తర్వాత ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు? అంత అవసరమైతే వాడే ఫోన్ చెయ్యొచ్చుగా? అవసరం పడితే తప్ప నేను గుర్తురానన్నమాట. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఒక్కసారే వచ్చాడు, అదీ పది నిమిషాలు." ముద్దాయి కాస్తా ఫిర్యాదీ అయిపోయాడు. ఇక జవాబివ్వాల్సిన బాధ్యత మిత్రుడిదే. మనం ఎవరికి హాని చేశామో వాళ్లనే ద్వేషించడం మనిషి నైజమని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 1900 ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. నీలం టిక్కులు లేని కాలంలోనే ఆ మహానుభావుడు ఇంత సంగతి పట్టేశాడు.

గ్రెషామ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు 1957లో, నేరాల బాట పట్టిన కుర్రవాళ్ల మాటల్ని పరిశీలించి ఐదు రకాల సమర్థనలను గుర్తించారు. నా చేతుల్లో ఏముంది, ఎవరికీ నష్టం జరగలేదుగా, వాడికి అలాగే కావాలి, నన్ననే ముందు మీరేం తక్కువ, నేను చేసింది నావాళ్ల కోసం. చదువుతుంటే ఎక్కడో విన్నట్టు ఉంటుంది. ఏ ఇంట్లో గొడవైనా పది నిమిషాల్లో ఈ ఐదూ వరుసగా వచ్చేస్తాయి, కొన్ని ఇళ్లలో రెండేసి సార్లు. వాళ్లిద్దరూ చెప్పిన అసలు విషయం వేరే ఉంది. ఈ సమర్థనలు తప్పు జరిగాక పుట్టేవే కావు, తప్పుకు ముందు కూడా సిద్ధంగా ఉంటాయి, తప్పుకు దారి తీసేవి అవే అన్నారు. అంటే ముందు సాకు తయారవుతుంది, దాన్ని వృథా చెయ్యడం ఇష్టంలేక మనిషి తప్పు చేస్తాడు. పొదుపరితనం అనుకోవాలి.

ఆ ఐదింట్లో మొదటిది, నా చేతుల్లో ఏముంది అన్నది, మిగతా నాలుగింటికీ పెద్దన్న. దీనికి ఒకసారి అధికారిక పరీక్ష కూడా జరిగింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో, మామూలు మనుషుల్ని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, పక్క గదిలో ఉన్నాయన తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ పెంచుకుంటూ పొమ్మన్నారు. షాకులు ఉత్తవే, నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. వాళ్లకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. కొందరు భయంతో పిచ్చినవ్వు నవ్వారు. ఏమైనా అయితే ఎవరిది పూచీ అని అడిగారు. పూచీ నాది, కానివ్వండి అన్నాడు ప్రయోగం నడిపే ఆయన. హమ్మయ్య. 1963లో ప్రచురించిన ఫలితాల్లో 40 మందిలో 26 మంది చివరి మీట దాకా, 450 వోల్టుల దాకా నొక్కారు. మనస్సాక్షి చచ్చిపోయిందని ఎవరూ అనడానికి లేదు. చెమట పట్టించింది అదే మరి. అది దాని పని చేసుకుపోయింది, చెయ్యి దాని పని చేసుకుపోయింది.

నాకు తెలిసి ప్రపంచంలో అధికారికంగా రద్దయిన సాకు కూడా ఇదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకులను విచారించడానికి 1945లో న్యూరెంబర్గ్ కోర్టు కోసం రాసుకున్న నిబంధనల్లో 8వ అధికరణం, పైవాళ్లు ఆదేశించారన్నంత మాత్రాన బాధ్యత పోదని తేల్చి చెప్పింది. మహా అయితే శిక్ష తగ్గించడానికి పరిగణించవచ్చంది. ఆ కబురు ఇంకా అన్ని ఆఫీసులకూ చేరలేదు. ఏ కౌంటర్ దగ్గరైనా, ఏ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా, "మా చేతుల్లో ఏం లేదండీ, పైనుంచి ఆర్డరు" అనే వినిపిస్తుంది. ఆ పైనవాళ్లను అడిగితే ఇంకా పైన అంటారు. అలా ఎక్కుకుంటూ పోతే చిట్టచివర 'సిస్టమ్' అనే ఆయన ఉంటాడట. ఆయన ఎప్పుడూ సీట్లో ఉండడు.

క్షమాపణల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, సాకుకు రాజయోగం పట్టింది అక్కడే. "నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే విచారం వ్యక్తం చేస్తున్నాను." ఈ వాక్యం ముందు నిలబడి ఒక్కసారి దండం పెట్టాలి. నేను అన్నాను అని ఇందులో లేదు. మాటలు వాటంతటవే తిరుగుతున్నాయి, ఎవరి మనోభావాలో వాటికి అడ్డొచ్చాయి. దెబ్బతిన్నాయని కూడా లేదు, తిని ఉంటే అని ఉంది. ఆ 'ఎవరైనా' ఎవరో ఇంకా తేలలేదు, రుజువులతో ముందుకు వస్తే పరిశీలిస్తారు. చివరికి విచారం మిగిలింది. అది కూడా పడ్డానని కాదు, వ్యక్తం చేస్తున్నానని.

దీనికి ఇంట్లో వాడుకునే రకం ఒకటుంది. "సరే, నాదే తప్పు. ఇప్పుడు సంతోషమేనా?" పైకి పూర్తి లొంగుబాటు. ఆ ప్రశ్నకు అవును అంటే ఎదుటివాళ్లు రాక్షసులు, కాదు అంటే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. ఇంత తక్కువ మాటల్లో ఒప్పుకోలు, శిక్ష, ఎదురు కేసు మూడూ ఇమిడ్చిన వాక్యం ఏ చట్టంలోనూ దొరకదు. నా అభిప్రాయంలో దాంపత్యాలు ఇన్నేళ్లు నిలబడటానికి ప్రేమ ఎంత కారణమో ఈ వాక్యం అంత కారణం. ప్రేమ వాటా ఎక్కువని వాదించేవాళ్లతో నాకు పేచీ లేదు.

ఇన్ని ఏర్పాట్లున్నా కొందరికి సాకులు పనిచెయ్యవు. చెప్పుకున్న కారణం వాళ్లకే రుచించదు. అలాంటివాళ్ల కోసం డబ్బు కట్టి తేల్చుకునే మార్గం పాతకాలం నుంచీ ఉంది. పాపానికి శిక్ష తగ్గిస్తామని చర్చి పేరిట పత్రాలు అమ్మడం చూసి మండిపడి, జర్మన్ మతగురువు మార్టిన్ లూథర్ 1517లో 95 అభ్యంతరాలు రాశాడు. ఆ గొడవలో పశ్చిమ ఐరోపా క్రైస్తవమే రెండుగా చీలింది కానీ, డబ్బు కడితే మనసు తేలికవుతుందన్న నమ్మకానికి మాత్రం గీత కూడా పడలేదు.

అమెరికా ఖజానా శాఖ దీన్ని శుభ్రంగా పుస్తకాల్లోకి ఎక్కించింది. 1811లో ఎవరో పేరు చెప్పకుండా ప్రభుత్వానికి 5 డాలర్లు పంపారు, ఎప్పుడో మోసం చేశాను, మనసు ఒప్పుకోవడం లేదని. అప్పట్నుంచి అలా వచ్చే సొమ్ముకు 'మనస్సాక్షి నిధి' అని ఒక ఖాతా నడుస్తోంది. పన్ను ఎగ్గొట్టినవాళ్లు పంపారు, సైన్యం నుంచి దుప్పట్లు పట్టుకుపోయినవాళ్లు పంపారు, వాడేసిన స్టాంపును మళ్లీ అతికించామని కొన్ని సెంట్లు పంపినవాళ్లూ ఉన్నారు. ఎందుకు చేశావని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. అడిగితే పాపం మళ్లీ సాకు చెప్పాల్సి వస్తుంది.

ఆ నిధి పేరు చెప్పగానే జనం సరదాగా తలుచుకునే ఉత్తరం ఒకటుంది. నిజంగా వచ్చిందో, ఎవరో కల్పించారో గానీ, రాసినవాడు మాత్రం మన మనిషే. "అయ్యా, పన్ను ఎగ్గొట్టాను. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. దీంతోపాటు కొంత సొమ్ము పంపుతున్నాను. అప్పటికీ నిద్ర పట్టకపోతే మిగతాది కూడా పంపుతాను." మిగతాది పంపినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. పట్టే ఉంటుంది.